నాయిన చూడని మార్కులు

పోయిన వానాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున నా కొడుకు కిరణ్ పై అంతస్తు నుంచి దిగివచ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. వాడు అట్లా తీరిగ్గా కూర్చోవడమే వింత. తార్నాకలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేనొక్కదాన్ని, పైన వాడూ, కోడలు స్వప్న, రెండో తరగతి చదివే మనవరాలు తన్వి. మధ్యలో అడ్డమున్నవి మెట్లే అయినా, వాడికి నేను గుర్తొచ్చేది కరెంటు పోయినప్పుడో, కొరియర్ వాడు గంట కొట్టినప్పుడో. "అమ్మా, ఒక్కటడుగుతా. తాతయ్య నిన్ను ఎట్ల చదివించిండు? అంటే, మెథడ్ ఏంది?" అన్నాడు. ఆవకాయలో ఉప్పెంత, కారమెంత అని అడిగినట్టే ఉంది. "మా నాయిన నన్ను చదివించలేదురా," అన్నాను. "జోకులొద్దమ్మా. చదివించకుంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఊరికెనే వస్తదా? తన్వి కోసం అడుగుతున్న, సీరియస్‌గ చెప్పు." బతుకంతా కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, కొడుకు అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్క చాయ్ చల్లారబెట్టుకున్నాను. వాడు పైకి వెళ్ళిపోయాడు గానీ ప్రశ్న మాత్రం నా ఎదురుగానే కూర్చుంది.

మా నాయిన యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో గుమాస్తా. క్యాంపస్‌లోనే, చిన్న ఉద్యోగుల క్వార్టర్లలో, రెండు గదులూ ఒక వంటకొట్టమూ ఉన్న ఇంట్లో మేం పెరిగాం. దినమంతా ఆయన చేసే పని మార్కులు ఎక్కించడం. ఊళ్ళ నుంచి బట్ట సంచుల్లో జవాబు పత్రాల కట్టలు వచ్చేవట, లక్క సీళ్ళు పగలగొట్టడం, లెక్క కూడడం, పెద్ద పెద్ద కాగితాల మీద అంకెలు దింపడం, మళ్ళీ సీలు వేయడం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఒంటి మీద లక్క వాసన, జిగురు వాసన, సిరా వాసన, మూడూ కలిసి ఒక వాసన. నేను ఉరికి వెళ్ళి కాళ్ళు చుట్టేయబోతే, "ఆగు బిడ్డా, చేతులకు మార్కులంటుకున్నయ్," అని రెండు చేతులూ పైకెత్తేవాడు. నల్లా దగ్గర ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకనే నన్ను ఎత్తుకునేవాడు. మార్కులంటే ఏదో మసి లాంటిదని చాలాకాలం అనుకున్నాను నేను.

ఆయనకొక అలవాటుండేది. స్కూల్లో ప్రోగ్రెస్ కార్డులిచ్చిన రోజు నేనూ అన్నా కార్డులు తెచ్చి ముందర పెడితే, విప్పేవాడు కాదు. మార్కులున్న భాగం లోపలికి పోయేట్టు, తండ్రి సంతకం పెట్టే గీత ఒక్కటే పైకి కనబడేట్టు, గోటితో గీసి గీసి మడిచేవాడు. మడిచాక ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసి ఇచ్చేసేవాడు. అంతే. "మీ నాయిన కార్డును గిట్ల ఇస్త్రీ చేసినట్టు మడుస్తడేందే?" అని మా టీచరమ్మ కూడా అడిగింది ఒకసారి. అన్నకు ఈ పద్ధతి అమృతం. నాకే కడుపు మండేది. లెక్కల్లో ఫస్టొచ్చి, దారంతా ఎగురుకుంటూ వచ్చి, ఆయన మడుస్తుంటే ఏడుపొచ్చేసేది. "ఒక్కసారి చూడు నాయినా, నేనే ఫస్టు!" "సంబురమే బిడ్డా. మరి లెక్కల్ల నీకేం నచ్చింది? గది చెప్పు." నచ్చడమేంటో నాకేం తెలుసు? మా అమ్మ వంటకొట్టంలోంచి అరిచేది. "పోరి గంత ఏడుస్తుంటె ఒక్కపారి చూస్తె నీ సొమ్మేం పోతది?" "ఆఫీసుల దినమంత గవ్వే చూస్తనే. ఇంట్ల గూడ గవ్వే చూస్తె ఇగ నేనేడికి పోవాలె?" అనేవాడు నాయిన. పంతం కొద్దీ నేను ప్రతి పాఠంలోనూ నచ్చేది వెతకడం మొదలుపెట్టాను. ఈయన అడుగుతాడు కదా, ఏదో ఒకటి చెప్పి నోరు మూయించాలని.

పొద్దున్నే మా ఇంట్లో మొదటి చప్పుడు అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడే. అలారం గడియారం ఉండేది గానీ దాని అవసరం ఎప్పుడూ రాలేదు. ఆమెది జనగామ దిక్కు పల్లెటూరు, చదువుకోలేదు. అందుకేనేమో ఆమెకు మార్కులంటే దేవుడి గదిలో పెట్టే వస్తువు. ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, ఇంకో చేత్తో నా జడ లాగుతూ, ఎదురింటి పిల్లకు ఎన్నొచ్చాయో నన్నే అడిగేది. పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ కాల్చే వాసనా, కిరోసిన్ స్టవ్ వాసనా కలిసిపోయిన ఆ వంటకొట్టంలో మార్కుల మాట దొంగసారాలాగా నడిచేది. నాయిన గేటు చప్పుడు కాగానే ఆగిపోయేది.

ఫలితాల కాలంలో మాత్రం మా ఇంటి ముందర జాతరే. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు వచ్చేవాళ్ళు. కొందరు మామిడిపండ్ల గంపలు, కొందరు ఉత్త ఏడుపులు. నాయిన గంపల్ని గడప దాటనిచ్చేవాడు కాదు. మనుషుల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "నా చేతుల ఏం లేదయ్యా, నేను రాసేటోన్నే గని వేసేటోన్ని గాదు," అని చెప్పి పంపేవాడు. ఒకసారి ఎవరో పెద్దాయన, తెల్ల ధోవతి, మా అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలాగా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన పోయాక నాయిన అన్నం ముట్టలేదు. కార్డు ఎందుకు మడిచేవాడో నాకు కొంచెమైనా అర్థమైంది ఆ రోజే.

నాయినకు తెలియని సంగతి అడిగితే ఆయనకు పండగ. "తెల్వదు బిడ్డా. చూద్దాం పా," అని లేచేవాడు. తెలియదని చెప్పడానికి ఆయన మొహంలో ఇసుమంతైనా సిగ్గుండేది కాదు. పాలు పెరుగెట్లా అవుతాయని ఒకనాడు అడిగాను. తోడు లేకపోతే కావా, కావాలంటే ఇంకేం వేయాలి? ఆ సాయంత్రం అమ్మ పక్కింటికి పోయిన సమయం చూసి ఆయనా నేనూ గిన్నెలు సర్దాం. ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో పచ్చిమిరపకాయల తొడిమలు, ఒకదాంట్లో ఎండుమిరపకాయ, ఒకదాంట్లో ఏమీ లేదు. అమ్మ తిరిగొచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "పాలల్ల మిరపకాయలేందయ్యో! బిడ్డ సంగతి సరే, నీ బుద్ధి గడ్డి తిన్నదా? రేపు మీ ఇద్దరికి నల్ల చాయే, చెప్తున్న!" మూతలు పెట్టి, తిట్టుకుంటూనే ఆ గిన్నెల్ని పిల్లి ముట్టకుండా సజ్జ మీద పెట్టింది. తెల్లారి నేను లేచేసరికి రొట్టెల చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే అమ్మ మాకంటే ముందే మూతలు తీసి, వేలు పెట్టి చూస్తోంది. "ఏమయ్యో, లేవు! తొడిమలది తోడుకున్నది! చింతపండుది ఇరిగి ముక్కలైంది!" ఆమె మొహం అంత వెలిగిపోవడం నేను చాలా తక్కువసార్లు చూశాను. ముగ్గురం నేల మీద కూర్చుని ఆ పెరుగు నాకి చూశాం. నా కెమిస్ట్రీ ఆ నేల మీదే మొదలైంది.

క్వార్టర్ల వెనక పెద్ద బండలుండేవి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఎండ చల్లబడ్డాక నాయిన లుంగీ కట్టుకుని బండ మీద వెల్లకిలా పడుకునేవాడు. బండ ఇంకా వేడిగా ఉండి వీపుకు హాయిగా ఉండేది. నెమళ్ళు అరిచేవి. విద్యానగర్ దిక్కు పోయే రైలు కూత వినబడితే ఇంక లేవాలన్నమాట. ఆ బండ మీద పాఠం చెప్పిన గుర్తే లేదు నాకు. చీమలు ఎటు పోతున్నాయో చూడటం, చంద్రుడు మనతోపాటు ఎందుకు నడుస్తాడని కొట్లాడుకోవడం, అంతే. కొన్ని ప్రశ్నలకు జవాబులు దొరికేవి కావు. దొరక్కపోతే ఎవరికీ తొందర లేదు.

ఇక్కడితో ఆపేస్తే మా నాయిన మహానుభావుడైపోతాడు. అప్పుడు మా అన్నకు అన్యాయం. అన్న నాకంటే చురుకు. ఇంట్లో ఉన్న ఒక్క రేడియోను లోపలేముందో చూస్తానంటే నాయిన స్క్రూడ్రైవర్ కూడా తానే తెచ్చిచ్చాడు. ఆ రేడియో మళ్ళీ పాడలేదు. పాటల్లేక అమ్మ చాలా రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. అన్న విప్పడమే నేర్చుకున్నాడు, పుస్తకం మాత్రం ముట్టలేదు. డిగ్రీ తప్పాడు. అన్న నంబరున్న కట్ట ఆఫీసులో నాయిన బల్ల మీదికే వచ్చిందట. పక్కాయనకిచ్చి, ఆయన లెక్క కూడి తప్పాడని చెప్పగానే లేచి వచ్చేశాడు. చేతులు కడుక్కోకుండానే బండ మీదికి పోయి కూర్చున్నాడు. అమ్మ అక్కడికే వెళ్ళి నిలదీసింది. "ఒక్కనాడన్న కార్డు ఇప్పి చూసినవా? చూస్తె గిట్లయితుండెనా? లోకమంత మార్కులడుగుతుంటె నీకొక్కనికే వద్దయిందా?" నాయిన తల ఎత్తలేదు. "తప్పు జేసిన్నేమో," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు, అదే చివర. అన్న ఇప్పుడు లాలాపేట్‌లో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తాడు. డెబ్బై దాటాడు, మోకాళ్ళు పోయాయి, పెన్షన్ లేదు. ఏదైనా కొత్త యంత్రం చేతికొస్తే మాత్రం ఇప్పటికీ తిండి గుర్తుండదు. అది సుఖమో కష్టమో నేను తేల్చుకోలేను.

ఇదంతా ఆ వారం కిరణ్‌ను కూర్చోబెట్టి చెప్పాను. వాడు బుద్ధిగా విన్నాడు. విని, మెల్లగా అన్నాడు. "మరి లాలాపేట్ మామ సంగతేందమ్మా? నీకైతే నడిచింది. మామకు నడవలే. తన్విది మామ లెక్క అయితే? నేను రిస్కు తీసుకోవాల్నా?" వాడే మళ్ళీ అన్నాడు. "నేనేం కొట్టి చదివిస్తలేను గదా. దానికి ఏది ఇష్టమో గదే చేపిస్తున్న. దాని స్కూలోళ్ళు గూడ గిదే చెప్పిన్రు, పిల్లల ఇంట్రెస్టు చూసి ఎంకరేజ్ చేయమని." వాడి మాటలో అబద్ధం లేదు. వాడంత ప్రేమించే తండ్రిని నేను చూడలేదు. నా బాధంతా అక్కడే ఉంది.

తన్వి మూడేళ్ళప్పుడు నా గోడల నిండా ఏనుగులు గీసింది, ఐదు కాళ్ళవి, రెక్కలున్నవి. వాడు మురిసిపోయి డ్రాయింగ్ క్లాసులో చేర్పించాడు. అక్కడ గ్రేడ్లు, పరీక్షలు, సర్టిఫికెట్లు. ఇప్పుడు ఏనుగుకు నాలుగే కాళ్ళు, రంగు గీత దాటదు, క్లాసు లేని రోజు పెన్సిల్ ముట్టదు. చింతగింజలతో లెక్కలాట ఆడుతుందని అబాకస్‌లో వేశారు. అందులో లెవెళ్ళు. నాతోపాటు వంటింట్లో కూనిరాగం తీస్తుందని పాటల క్లాసు. "అత్తమ్మా, టాలెంటున్నప్పుడు వేస్ట్ చేయొద్దు గదా," అంది స్వప్న, ఎంతో మర్యాదగా. ఆ పిల్ల ఇప్పుడు నా వంటింట్లో పాడదు. పాడమంటే, "ప్రాక్టీస్ అయిపోయింది నానమ్మా," అంటుంది.

శ్రావణం నడుమ, మా పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర తన్వి రోజూ స్కూలు నుంచి రాగానే కాసేపు ముడుచుకుని కూర్చోవడం గమనించాను. నేను దగ్గరికి పోతే లేచి నిలబడి ఆకుకు అడ్డం వచ్చింది. "ఏందే అది?" "ఏం లేదు నానమ్మా." కాసేపు నా మొహం చూసి, నమ్మొచ్చనుకుందేమో, పక్కకు జరిగింది. ఆకు మీద లావుపాటి పచ్చటి గొంగళిపురుగు. "పుల్లతోటి ముట్టు," అని గుసగుసగా చెప్పింది. ముడితే దాని తల మీద నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు ఠక్కున బయటికొచ్చాయి, వెంబడే ఘాటు వాసన. ఇద్దరం ముక్కులు మూసుకుని పకపకా నవ్వాం. "అప్పుడు పిట్ట రెట్ట లెక్క ఉండె నానమ్మా, ఇప్పుడు పచ్చగైంది. ఎందుకయింది?" నా గుండె ఎంత ఎగిరిందో చెప్పలేను. "తెల్వదు బిడ్డా, చూద్దాం," అన్నాను. కెమిస్ట్రీ దాన్ని కదా, నిజంగానే తెలియదు. అప్పుడా పిల్ల నా కొంగు పట్టుకుని అంది: "నాన్నకు చెప్పకు. చెప్తే గొంగళిపురుగుల క్లాసుల ఏస్తడు."

నవ్వొచ్చింది. ఏడేళ్ళ పిల్ల తనకిష్టమైనదాన్ని తండ్రికి కనబడకుండా దాచుకుంటోంది. దొంగతనం చేసినట్టు, ఆకు వెనక. నేను చెప్పలేదు. చెప్పాల్సిన పనే లేకపోయింది. రెండ్రోజులకే పిల్లను పైకి పిలవడానికి దిగివచ్చిన కిరణ్ మా ఇద్దరినీ చెట్టు కింద చూశాడు. "ఏం చూస్తున్నరు ఇద్దరు?" "ఏం లేదు నాన్నా, ఊరికెనే," అంది తన్వి వెంటనే. వాడు వంగి చూశాడు. చూసిన వాడి మొహం నా కళ్ళ ముందే వికసించింది. "అరె, బేటా! నీకు గివి ఇష్టమా? చెప్పవేంది మరి?" తన్వి నా వైపు చూసింది. నేనేం చేయను?

పిల్ల నిద్రలేవక ముందే తెల్లారి వాణ్ని మెట్ల మీద ఆపి బతిమాలుకున్నాను. "కిరణ్, దీన్ని ముట్టకురా. నీకు దండం పెడతా. ఈ ఒక్కటి దానికి వదిలెయ్." వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అయ్యో, క్లాసు కాదమ్మా, నాకు తెల్వదా? క్యాంపు. నేచర్ క్యాంపు. మీ క్యాంపస్‌లనే, నువ్వు పెరిగిన దగ్గర్నే. నువ్వు చెప్పింది విన్నంకనే గదా నాకు ఐడియా వచ్చింది. నేను గూడ లీవు పెట్టి వస్తున్న." వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. చేసేదేం లేక నేనూ వస్తానన్నాను.

మేమున్న క్వార్టర్లు లేవిప్పుడు. బండలు కొన్ని మిగిలాయి. పిల్లలందరికీ పచ్చ టోపీలు, మెడలో అట్టలు, అట్ట మీద పురుగులవీ పిట్టలవీ బొమ్మలు, బొమ్మ పక్కన గళ్ళు. కనబడ్డదానికల్లా టిక్కు పెట్టాలి, ఎక్కువ టిక్కులకు బంగారు బ్యాడ్జి. క్యాంపు నడిపే అమ్మాయి మంచిదే, ఓపికగా చెప్పింది. తన్వి పరుగెత్తింది. నల్ల మచ్చల సీతాకోకచిలుక ఒకటి దాని మోచేతి మీదే వాలింది. దాని రెక్కలు మెల్లగా తెరుచుకుంటున్నాయి. తన్వి దాన్ని ఒక్క క్షణం చూసి, అట్ట మీద వెతికి, టిక్కు పెట్టి, చెయ్యి విదిలించింది. "నానమ్మా, జరుగు, ఇంక కప్ప దొరకాలె!" బంగారు బ్యాడ్జి దానికే వచ్చింది. కిరణ్ ఫోటోలు తీసి పంపని బంధువు లేడు. లాలాపేట్ నుంచి అన్న నాకు ఫోన్ చేసి, "పోరి బాగ మురిసినట్టున్నది గదనే?" అన్నాడు. మురిసింది, నిజమే. బ్యాడ్జికి మురిసింది.

మొన్న కరివేపాకు తెంపబోతే లేత ఆకు మీద పిట్ట రెట్ట లాంటిది కనబడింది. వంగి చూశాను. కదిలింది. నా వయసు మరిచిపోయి మెట్ల దగ్గరికి ఉరికాను. "తన్వీ! జల్ది దా! మళ్ళొచ్చింది చూడు! ఈసారి ఎందుకు పచ్చగయితదో ఇద్దరం చూద్దాం!" అబాకస్ సంచి భుజాన వేసుకుని దిగివచ్చింది. చెట్టు దగ్గరికి వచ్చి, చూసి, నన్ను నొప్పించకుండా నవ్వింది. "లైమ్ బటర్‌ఫ్లై లార్వా నానమ్మా. పిట్టలు తినకుంట గట్ల ఉంటది. మాకు అయిపోయింది గది." "అయిపోయిందా?" "ఆ. క్యాంపుల అయిపోయింది. మొత్తం చెప్పిన్రు."

దాన్ని ముట్టి చూద్దామని తెంపిన పుల్ల నా చేతిలోనే ఉంది. ఇంతమంది ప్రేమించే పిల్లను నేను ఎవరి నుంచి కాపాడాలి? నా మొహం ఎట్లా ఉందో ఏమో, గేటు దాకా పోయిన తన్వి వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చాలా మంచి పిల్ల అది. "నీకంత ఇష్టమా నానమ్మా? నాన్నకు చెప్పనా? నిన్ను గూడ జాయిన్ చేస్తడు."

"పో బిడ్డా," అన్నాను. "క్లాసుకు లేటయితది."